కొండెక్కేటప్పుడు విప్పక్కర్లేని హుడీ: ట్రెక్కింగ్‌కి మిడ్ లేయర్ ఎంచుకోవడం ఎలా

డిసెంబరు చివర్లో మొదటిసారి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కుకి వెళ్లినప్పుడు నా బ్యాగులో సగం చోటు ఒక్క జాకెట్టే తినేసింది. హైదరాబాదు షాపులో అది వేసుకున్న రెండు నిమిషాలకే నుదుట చెమట పట్టింది. జాకెట్టంటే ఇదీ అనుకుని కొనేశాను. ట్రెక్కు మొదలయ్యే సాంక్రి ఊరి నుంచి పొద్దున్నే అదే తొడుక్కుని బయల్దేరాను. అరగంట ఎక్కేసరికి లోపల బనీను పిండితే నీళ్లు కారేట్టు ఉంది. విప్పి నడుముకి కట్టుకున్నాను. దారిలో మ్యాగీ అమ్మే గుడారం దగ్గర పది నిమిషాలు కూర్చున్నానో లేదో, తడి వీపుకి గాలి తగిలి వణుకు మొదలైంది. మళ్లీ తొడిగాను. మళ్లీ నడక, మళ్లీ చెమట. జూడా కా తలాబ్ అనే చెరువు చేరేలోగా ఎన్నిసార్లు విప్పి తొడిగానో లెక్కలేదు.

మా గైడు కుర్రాడి ఒంటి మీద పల్చటి ఫ్లీస్ (నూగు ఉండే పాలిస్టర్ బట్ట) హుడీ ఒకటే ఉంది. ఎక్కుడు వస్తే టోపీ వెనక్కి తోసి, జిప్పు బొడ్డు దాకా దించేవాడు. చెట్లు దాటి గాలిలోకి వస్తే జిప్పు గడ్డం దాకా లాగి టోపీ ఎక్కించేవాడు. పొద్దున వేసుకున్నది సాయంత్రం గుడారంలోకి వెళ్లేదాకా విప్పలేదు.

మిడ్ లేయర్ ఏది కొనాలని ఎవరడిగినా ఇప్పుడు నేను చెప్పేది ఆ కుర్రాణ్ణి చూసి నేర్చుకున్నదే. అద్దం ముందు ఎంత వెచ్చగా ఉందో వదిలేయండి. వీపున బ్యాగుతో ఎక్కుతూ ఎంతసేపు విప్పకుండా ఉండగలరో దాన్నిబట్టి ఎంచుకోండి.

ముందు, ఈ పొర పనేంటో

ట్రెక్కులో బట్టలు మూడు పొరలు. ఒంటికి అంటుకుని ఉండేది బేస్ లేయర్, దాని పని చెమటని చర్మం మీద నుంచి లాగేయడం. అన్నిటికంటే పైది వానని, గాలిని ఆపే షెల్. ఈ రెంటికీ మధ్యది మిడ్ లేయర్. దీనికి రెండు పనులు, అవి ఒకదానికొకటి పడవు. ఒంటి వేడిని పట్టి ఉంచాలి, చెమట ఆవిరిని మాత్రం వదిలేయాలి.

వేడిని పట్టేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలే మనకి దుప్పటి. ఆ గాలి ఉండాల్సిన చోట చెమట చేరిందంటే కథ మారిపోతుంది, ఎందుకంటే నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. నా మ్యాగీ గుడారం వణుకుకి కారణం ఇదే.

స్వెట్‌షర్టు బట్టతో చేసిన కాలేజీ హుడీని ట్రెక్కుకి వద్దనేది కూడా ఇందుకే. నూలు గాల్లో తేమనే తన బరువులో ఏడెనిమిది శాతం దాకా పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. తడిసిన నూలు హుడీ మంచు మీద ఒక పట్టాన ఆరదు, పైగా రాయిలా బరువెక్కుతుంది. దాన్ని రైలు ప్రయాణానికి ఉంచుకోండి.

మీరు వెళ్లే కొండ ఏది?

కొనేముందు మీరు వెళ్లే ఎత్తు, నెల ఒక కాగితం మీద రాసుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. సాంక్రి దాదాపు 1,950 మీటర్లు, కేదార్‌కంఠ శిఖరం 3,800. తేడా 1,850 మీటర్లంటే 12 డిగ్రీలు. సాంక్రిలో 8 డిగ్రీలు ఉంటే అదే వేళకి శిఖరం మీద మైనస్ 4 అనుకోవచ్చు. శిఖరానికి బయల్దేరేది తెల్లవారుజామున మూడింటికి కాబట్టి ఇంకా కిందికే వేసుకోండి. గాలి లెక్క దీనికి అదనం.

లంబసింగి, అరకు వైపు డిసెంబరు, జనవరిల్లో వెళ్లేవాళ్లకి ఇంత హడావుడి అక్కర్లేదు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, ఆరుబయట పడుకుంటే కొర్రులా బిగుసుకుపోతారని. పేరు అంత భయపెట్టినా అక్కడ మన అవసరం పొద్దున తొమ్మిదింటి దాకానే. ఎండెక్కాక చొక్కా చాలు. దానికి పల్చటి ఫ్లీస్ హుడీ (100 జీఎస్ఎం, ఈ అంకె సంగతి కింద చెప్తాను) ఒకటి సరిపోతుంది. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలకి అదే ఎక్కువ.

అమెరికాలో సియాటిల్ వైపు ఉండి మౌంట్ రేనియర్ చుట్టుపక్కల నడిచేవాళ్లకి చలి కంటే తడి ఎక్కువ గొడవ. వాళ్లు తడిసినా పనిచేసే పాలిస్టర్ వైపు మొగ్గు చూపితే మంచిది.

బట్ట: అసలు నిర్ణయం ఇక్కడే

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఫ్లీస్‌లో 100 పల్చన, 200 మధ్యస్థం, 300 మందం అని మోటుగా అనుకోవచ్చు. పెద్దవాళ్ల హుడీకి ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల బట్ట పడుతుంది కాబట్టి, 200 జీఎస్ఎం హుడీ 300 నుంచి 400 గ్రాములు తూగుతుందని ట్యాగు చూడకుండానే చెప్పొచ్చు. జిప్పులు, జేబులు ఎక్కువైతే ఇంకాస్త.

మామూలు ఫ్లీస్ అందరికీ తెలిసిందే, రెండు వైపులా నూగు ఉండేది. ఇప్పుడు మనం చూస్తున్న ఈ రకం ఫ్లీస్ పుట్టింది 1979లో, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు మాల్డెన్ మిల్స్ వాళ్ల దగ్గర. పోలార్‌టెక్ అన్న పేరు తర్వాత వాళ్లు పెట్టుకున్నదే. మామూలు ఫ్లీస్ చవక, గట్టిది, తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. గాలి మాత్రం జల్లెడలోంచి పోయినట్టు పోతుంది.

దీనిలోనే గ్రిడ్ ఫ్లీస్ అని ఒక రకం ఉంది. లోపలి వైపు తిప్పి చూస్తే చదరంగం బల్లలా చిన్న చిన్న గళ్లు, గడికీ గడికీ మధ్య కాలవలు. ఉబ్బెత్తు గళ్లు గాలిని పట్టి ఉంచుతాయి, కాలవల్లోంచి ఆవిరి జారిపోతుంది. అదే వెచ్చదనానికి తక్కువ బరువు, బ్యాగులో తక్కువ చోటు. మా గైడు వేసుకున్నది ఇదే. ఒక్కటే కొంటాను, పదేళ్లు వాడతాను అనేవాళ్లకి నా ఓటు గ్రిడ్ ఫ్లీస్ హుడీకే.

ఇంకా తేలికది కావాలంటే పోలార్‌టెక్ ఆల్ఫా లాంటి బట్టలు. ఇవి మొదట అమెరికా ప్రత్యేక దళాల కోసం చేసినవి, పరిగెత్తుతున్నా ఆగినా జాకెట్టు మార్చక్కర్లేకుండా. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వల మీద బొచ్చు అతికించినట్టు కనిపిస్తుంది, అవతలి మనిషి కూడా కనిపిస్తాడు. 60, 90 జీఎస్ఎంలలో దొరుకుతుంది, హుడీ మొత్తం 200 గ్రాముల లోపే ఉంటుంది. షెల్ కింద వేసుకుంటే బరువుకి మించిన వెచ్చదనం. విడిగా వేసుకుంటే గాలికి ఉన్నా లేనట్టే, ముళ్ల కంపకి తగిలితే పోగులు లేచి వస్తాయి. ధర కూడా ఎక్కువే. మొదటి ట్రెక్కుకి వెళ్లేవాళ్లకి నేను చెప్పను.

మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని హుడీలకి నాలుగు రోజులు వేసుకున్నా కంపు కొట్టని గుణం ఉంది. ఆరడం మాత్రం నెమ్మది. మన అమ్మమ్మల కాలం ఉన్ని స్వెటర్‌లా గుచ్చుకోదు.

ఇక లోపల దూది కూరినట్టు ఉబ్బుగా ఉండే జాకెట్లు. వీటిలో బాతు, పెద్దబాతుల (గూస్) ఈకల కింది నూగుతో చేసేవి డౌన్, పాలిస్టర్ పోగులతో నింపేవి సింథటిక్. డౌన్ మీద 600, 800 అని అంకె రాసి ఉంటుంది. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాలు ఉబ్బుతుందో ఆ కొలత. ఎక్కువ ఉంటే తక్కువ బరువుకి ఎక్కువ వెచ్చదనం. ఆగి ఉన్నప్పుడు డౌన్‌ని మించింది లేదు. నడుస్తూ వేసుకుంటే చెమటకి నూగు ముద్దకట్టి ఉబ్బు పోతుంది. నేను మొదట చేసిన తప్పు సరిగ్గా ఇదే, ఆగినప్పుడు వేసుకోవాల్సినదాన్ని నడుస్తూ వేసుకున్నాను. సింథటిక్ కొంచెం బరువు, కానీ తడికి అంత తొందరగా లొంగదు.

కాబట్టి హిమాలయాలకి శీతాకాలంలో వెళ్తుంటే నడవడానికి ఒక ఫ్లీస్ హుడీ, ఆగినప్పుడు దాని పైన వేసుకోవడానికి ఒక డౌన్ లేదా సింథటిక్ జాకెట్టు. రెండో దానికి డబ్బు లేకపోతే సాంక్రిలో అద్దెకి దొరుకుతుంది. రోజంతా ఒంటి మీదే ఉండే మిడ్ లేయర్‌ని మాత్రం సొంతంగా కొనుక్కోండి, ఎవరి చెమటో మనకెందుకు.

టోపీ ఎందుకు, ఎలాంటిది

ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, మంకీ క్యాపు తొడిగిన ప్రతిసారీ. అది నిజం కాదు. పెద్దవాళ్లలో తల నుంచి పోయేది సుమారు 7 నుంచి 10 శాతం, ఒంటి మీద తల ఎంత భాగమో దాదాపు అంతే. అయినా టోపీ కావాలంటాను. మిగతా ఒళ్లంతా కప్పుకున్నాక బయట మిగిలేది తలా మెడే కదా. పైగా చెవులకి గాలి తగిలితే మనిషికి వెంటనే తెలుస్తుంది. అసలు లాభం ఇంకొకటి: టోపీ తీయడానికి, వేయడానికి బ్యాగు దించక్కర్లేదు. మంకీ క్యాపు పోతుంది, జేబులోంచి జారిపోతుంది. హుడ్ మెడ వెనకే వేలాడుతూ ఉంటుంది.

హుడ్ రెండు రకాలు. ఒకటి తలకి అతుక్కుని ఉండేది, గజ ఈతగాళ్ల సూటు టోపీలా. అంచుకి ఎలాస్టిక్ ఉంటుంది, జిప్పు పైదాకా లాగితే ముక్కు కింది దాకా మూస్తుంది. రెండోది వదులుగా, ముందుకి వంగి ఉండేది. మిడ్ లేయర్‌కి మొదటిదే కావాలి. వదులు హుడ్ మీద షెల్ హుడ్ వేస్తే మెడ దగ్గర బట్ట మూటలా పోగవుతుంది, తల తిప్పితే పక్కలు కనిపించవు.

పరీక్ష తేలిక. హుడ్ వేసుకుని, జిప్పు పూర్తిగా లాగి, తల కుడికి తిప్పండి. హుడ్ మీతోపాటు తిరిగితే సరే. మీరు తిరిగాక మీ కన్ను హుడ్ లోపలి గోడని చూస్తుంటే అది అక్కడే వదిలేసి రండి. జుట్టు ముడి వేసుకునే ఆడవాళ్లు ముడితోనే వేసుకుని చూడాలి. ముడి పడితే నుదురు తెరుచుకోకూడదు, నుదురు మూస్తే మెడ దగ్గర లాగకూడదు.

జిప్పు, జేబులు, చేతులు

జిప్పు ఛాతీ దాకా ఉండేది తేలిక, బ్యాగు నడుం పట్టీ కింద బక్కిల్‌లా గుచ్చుకోదు. కానీ తల మీంచి తీయాలి, కళ్లజోడు ఉన్నవాళ్లకి అది రోజూ ఓ యుద్ధం. నిండా తెరుచుకునేది కాస్త బరువైనా నేను దానికే ఓటేస్తాను, లోపలికి గాలి ఆడనివ్వడానికి వీలుగా ఉంటుంది. జిప్పు పైకొస చుట్టూ చిన్న బట్ట తొడుగు ఉందో లేదో చూడండి. లేకపోతే మైనస్ 5లో ఇనుప ముక్క గడ్డానికి తగులుతూ ఉంటుంది.

జేబులు బ్యాగు నడుం పట్టీ కిందికి వస్తే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఛాతీ మీద ఒక జేబు ఉంటే ఫోను అందులో పెట్టొచ్చు, ఒంటి వేడికి బ్యాటరీ నిలబడుతుంది. చేతి చివర బొటనవేలు దూర్చుకునే కన్నం ఉంటే షెల్ తొడిగేటప్పుడు చెయ్యి మోచేతి దాకా ముడుచుకుపోదు. భుజం మీద కుట్టు బ్యాగు పట్టీ కిందికి రాకుండా మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా పోయేది మంచిది.

ట్రయల్ రూములో పది నిమిషాలు

మీ ట్రెక్కు బేస్ లేయర్ తొడుక్కుని వెళ్లండి, రెయిన్ జాకెట్టు సంచిలో పట్టుకెళ్లండి. కొనబోయే హుడీ వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి, కొమ్మ పట్టుకుని ఎక్కుతున్నట్టు. నడుం బయటపడితే ఒక సైజు పొడుగు కావాలి, లేదా వేరేది చూడాలి. వంగి బూటు లేసు కట్టండి. తర్వాత రెయిన్ జాకెట్టు పైన వేసి చేతులు ముందుకి చాపండి. చంకల్లో పట్టేస్తే, లోపలి ఫ్లీస్ నలిగి గాలి అంతా బయటికి పోయిందన్నమాట. అది ఇక వెచ్చగా ఉండదు.

హుడీ ఒంటికి దగ్గరగా ఉండాలి కానీ బిగుతు కాదు. లోపల గుప్పెడు పట్టేంత వదులు ఉంటే చాలు. మనవాళ్లు పిల్లాడికి యూనిఫాం కొన్నట్టు, ఎదుగుతాడులే అని రెండు సైజులు పెద్దది తీసుకుంటారు. అప్పుడు నడిచిన ప్రతి అడుగుకీ కింద నుంచి చల్లగాలి దూరుతుంది.

బట్టని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన అరచేతికి గాలి హాయిగా తగిలితే నడకకి బాగుంటుంది, గాలికి పైన షెల్ తప్పదు. అసలు తగలకపోతే అది గాలిని ఆపే రకం, ఎక్కుడులో ఉడికిపోతారు. నేను కొంచెం తగిలేది చూసుకుంటాను. అక్కడ సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇంటికి తెచ్చాక

వంటింటి త్రాసు మీద పెట్టండి. వెబ్‌సైటులో బరువు మీడియం సైజుకి రాసి ఉంటుంది, మీది ఎక్స్‌ఎల్ అయితే యాభై గ్రాములు తేడా రావచ్చు. హుడ్ ఉన్న ఫ్లీస్ 400 గ్రాములు దాటకపోతే నాకు సమ్మతమే. తర్వాత ఒక చెయ్యి తడిపి, పిండి, ఫ్యాను కింద ఆరేయండి. రెండు గంటల్లో పొడిగా తగిలితే కొండ మీద కూడా దారికొస్తుంది.

ట్యాగులు కత్తిరించే ముందు ఇంకో పని. డిసెంబరు పొద్దున్నే ఆరింటికి, వీపున ఎనిమిది కిలోల బ్యాగు వేసుకుని, మీ అపార్టుమెంటు మెట్లు పైదాకా మూడుసార్లు ఎక్కి దిగండి. హైదరాబాదులో ఎలాగూ చెమట పడుతుంది. చూడాల్సింది అది కాదు. మేడ మీద గాలిలో ఐదు నిమిషాలు నిలబడితే వీపు ఆరుతోందా, చల్లబడి అంటుకుంటోందా అన్నది చూడండి. అంటుకుంటోందంటే వాపసు ఇచ్చేయండి.

దారిలో

బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి. మొదటి పావుగంట పళ్లు బిగపట్టి ఓర్చుకోండి, ఒళ్లు వేడెక్కుతుంది. చెమట పట్టాక జిప్పు దించడం కాదు, పట్టబోతోందని తెలియగానే దించాలి. ముందు హుడ్, తర్వాత జిప్పు, తర్వాత చేతులు మోచేతి దాకా పైకి, ఈ వరసలో. ఆగిన నిమిషంలోనే పైన లావు జాకెట్టు వేసుకోండి, చలేసేదాకా ఆగొద్దు. రాత్రి పడుకునేటప్పుడు పొడిగా ఉంటే హుడీ అలాగే ఉంచుకుని హుడ్ వేసుకోండి, స్లీపింగ్ బ్యాగు మూతికి మెడకీ మధ్య సందు మూసుకుంటుంది.

ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో ఉతకండి. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు వద్దు, పోగులకి పూతలా పట్టి చెమట లాగే గుణాన్ని తగ్గిస్తాయి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. చలిమంట దగ్గరికి కూడా. పాలిస్టర్ కదా, నిప్పురవ్వ పడితే కాలదు, కరిగిపోతుంది. సాంక్రిలో తిరుగు ప్రయాణం రోజు రాత్రి అంగీఠీ (కుంపటి) చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు నా హుడీ కుడి చేతి మీద ఒక రవ్వ పడింది. సెనగ గింజంత కన్నం. లోపలి నుంచి నల్ల గుడ్డ ముక్క పెట్టి మా అమ్మ కుట్టింది, ఇప్పటికీ ఆ కుట్టు వదల్లేదు.